ఎక్స్‌రేలో కనపడని మెడ దెబ్బ: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి సుధకు, మావయ్య ఆశీస్సులు.

పంతంగి టోల్‌గేట్ క్యూలో ఆగి ఉన్న మీ కారును డీసీఎం వ్యాను వెనక నుంచి గుద్దిందనీ, ఎవరికీ రక్తం కూడా రాలేదనీ నిన్న ఫోన్‌లో తేలిగ్గా చెప్పేశావు. మర్నాడు పొద్దున లేచేసరికి మెడ తిప్పలేకపోయానన్నావు చూడు, అక్కడ నాకు కంగారు పుట్టింది. పైగా "ఎక్స్‌రే నార్మల్ అన్నారు మావయ్యా, ఇంక కేసేముంటుంది?" అన్నావు. నా ప్రాక్టీసంతా మోటారు యాక్సిడెంటు కేసులతోనే గడిచింది కాబట్టి చెబుతున్నాను. ఎక్స్‌రే నార్మల్ అయితే దెబ్బ లేనట్టు కాదు, కేసు లేనట్టూ కాదు. విరిగిన కాలికైతే ఎముకే సాక్ష్యం చెబుతుంది. నీ మెడకు కాగితాలే చెప్పాలి. ఆ కాగితాలు ఈ వారం రోజుల్లోనే పుట్టాలి.

ముందు దెబ్బ సంగతి. డాక్టర్లు దీన్ని విప్‌లాష్ అంటారు. వెనక నుంచి బండి గుద్దగానే సీటు నీ వీపును ముందుకు తోసేస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. మరుక్షణం అదీ కొరడా ఝుళిపించినట్టు ముందుకు ఊగుతుంది. ఆ ఊపుకి మెడలో కండరాలు, నరాలు, ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్లు సాగిపోతాయి. ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది గానీ వీటిని చూపించదు. నొప్పి కూడా అప్పటికప్పుడే రానక్కర్లేదు, చాలామందికి మర్నాటికి గానీ తెలియదు. మెడ పట్టేయడం, తల వెనక భాగంలో పోటు, కళ్లు తిరగడం, భుజం నుంచి చేతిలోకి జివ్వుమని లాగడం, ఇవన్నీ ఆ దెబ్బ తాలూకువే. చాలామందికి కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం ఏడాది దాటినా వదలదు.

చేతిలో గానీ కాళ్లలో గానీ పట్టు తప్పినా, తిమ్మిరి పెరుగుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా కేసు సంగతి పక్కన పెట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లు. అది వెన్నుపాముకు సంబంధించిన వ్యవహారం కావచ్చు. అవేవీ లేకపోతే నెలల తరబడి కాలర్ కట్టుకుని కదలకుండా కూర్చోకు. డాక్టర్ని అడిగి మెల్లమెల్లగా మెడ కదిలించడమే మంచిది. కారు బాగై వచ్చాక సీటు మీద తలదిండు కూడా సరిచేయించు. దాని పైఅంచు నీ తల పైభాగం ఎత్తుకు రావాలి. మనలో చాలామంది దాన్ని పూర్తిగా కిందికి దించేసి తిరుగుతుంటారు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు ఫొటో పంపిన ఓపీ చీటీ చూశాను. పైన తేదీ, కింద "నెక్ పెయిన్" అన్న రెండు మాటలు, మూడు మాత్రలు. యాక్సిడెంట్ అన్న మాటే లేదు. రేపు ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ చీటీనే చేతికిచ్చి, "ఇందులో యాక్సిడెంట్ ఊసు ఉందా అమ్మా? రాత్రి దిండు సరిగ్గా లేకపోయినా మెడ పట్టేస్తుంది కదా?" అని అడుగుతాడు. నువ్వు నిజమే చెప్పినా, ఆ చీటీ నీ మాటను నిలబెట్టదు. అందుకే రేపే మళ్లీ ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఏ రోజున, ఏ బండి, ఎటువైపు నుంచి గుద్దింది, ఎన్ని గంటల తర్వాత నొప్పి మొదలైంది, మెడ ఎటు తిప్పితే ఆగిపోతోంది, స్కూల్లో బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే ఎలా ఉంటోంది, ఇవన్నీ చెప్పి, వాటిని చీటీలో రాయమని అడుగు. మొహమాటపడకు. చిన్న బాధను కూడా దాచకు, లేనిదాన్ని మాత్రం కలపకు. ఫిజియోథెరపీకి రాస్తే ఒక్క రోజూ మానకుండా వెళ్లి, ప్రతిసారీ కార్డు మీద సంతకం చేయించుకో. మధ్యలో నెల రోజులు ఖాళీ కనిపిస్తే నొప్పి తగ్గిపోయిందనే లెక్కేస్తారు.

డ్రైవర్ దణ్ణం పెట్టి బతిమాలాడని పోలీసు కంప్లయింట్ ఇవ్వకుండా వచ్చేశామన్నావు. మీ మంచితనం నాకు తెలుసు. కానీ పరిహారం ఇవ్వాల్సింది అతని జేబులోంచి కాదు, ఆ బండికున్న థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి. ఇంకా ఆలస్యం చేయకుండా చౌటుప్పల్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. అంతదూరం వెళ్లలేకపోతే హైదరాబాద్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ (ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్ఐఆర్) చేయించవచ్చు. నొప్పి తర్వాత బయటపడిందని, అందుకే ఆలస్యమైందని ఫిర్యాదులోనే రాయండి. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమును కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. పోలీసులు ఆసుపత్రికి పంపి వూండ్ సర్టిఫికెట్, అంటే డాక్టరు ఇచ్చే గాయాల పత్రం, తెప్పిస్తారు. అందులో దెబ్బ సింపులా (మామూలుదా), గ్రీవియసా (తీవ్రమైనదా) అన్నది రాస్తారు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పి ఉన్నా, రోజూ చేసుకునే పనులు చేసుకోలేకపోయినా అది గ్రీవియస్ కిందికే వస్తుంది. అందుకే స్కూలుకు ఎన్ని రోజులు వెళ్లలేకపోయావో రాసి ఉంచు.

ఫాస్టాగ్ డబ్బు కట్ అయినట్టు వచ్చిన మెసేజ్ తుడిచేయకు. ఆ రోజు, ఆ గంటకు మీ కారు ఆ టోల్‌గేట్ దగ్గరే ఉందనడానికి అంతకన్నా గట్టి రుజువు దొరకదు. టోల్‌గేట్ సీసీ కెమెరా ఫుటేజ్ ఎక్కువ రోజులు ఉంచరు కాబట్టి దాన్ని భద్రపరచమని పోలీసుల్ని రాతపూర్వకంగా అడగండి. నుజ్జయిన డిక్కీ ఫొటోలు తీయకుండా కారును షెడ్డుకు పంపొద్దని అల్లుడుగారికి చెప్పు.

ఇక ఎంత వస్తుందని అడిగావు. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు అక్కడ దీనికి రేటు కార్డే ఉందంటారు. అది నిజమే. 2021 మే 31 నుంచి అక్కడ మెడ దెబ్బ ఎన్ని నెలలు బాధపెట్టిందన్నదాన్ని బట్టి పట్టిక పెట్టారు. మొదట్లో మూడు నెలల లోపు తగ్గితే 240 పౌండ్లు, ఏడాదిన్నర దాటి రెండేళ్ల దాకా ఉంటే 4,215 పౌండ్లు. మనకు అలాంటి పట్టిక లేదు. మోటారు వాహనాల చట్టం 168వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారాలు తేల్చే కోర్టు) తనకు న్యాయమనిపించినంత ఇస్తుంది. మందుల బిల్లులు, ఆసుపత్రికి ఆటో ఖర్చు, ఇంట్లో సాయానికి పెట్టుకున్న మనిషి జీతం, పోయిన సంపాదన, అనుభవించిన బాధ, ఇవన్నీ వేర్వేరు పద్దుల కింద అడగాలి. స్కూలు నుంచి జీతం సర్టిఫికెట్, సెలవుల లెటర్ తీసుకో. సాయంత్రం ట్యూషన్లు ఆగిపోయాయి కదా, పిల్లల తల్లిదండ్రులు ఫోన్‌పేలో పంపిన డబ్బు వివరాలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. నొప్పి శాశ్వతంగా ఉండిపోతే మెడికల్ బోర్డు వైకల్యం శాతం ఇస్తుంది గానీ, కోర్టు చూసేది ఆ శాతం నీ సంపాదనను ఎంత దెబ్బతీసిందని. రాజ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది.

ఈ మాట గట్టిగా చెబుతున్నాను. వైకల్యం సర్టిఫికెట్ ఇప్పిస్తాం, బిల్లులు మేమే చూసుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత పర్సెంటేజీ ఇస్తే చాలంటూ మనుషులు వస్తారు. వాళ్లను గుమ్మం ఎక్కనివ్వకు. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే నిషిద్ధం. ఒక్క దొంగ బిల్లు బయటపడితే నీ నిజమైన బిల్లులన్నీ అనుమానంలో పడతాయి. నిజంగా మెడ నొప్పితో అల్లాడుతున్నవాళ్లను కూడా నమ్మని పరిస్థితి కోర్టుల్లో ఇలాంటివాళ్ల వల్లే వచ్చింది. నాకు అది కడుపు మండే విషయం.

ఇన్సూరెన్స్ వాళ్లు ముందే రాజీకొస్తే తప్పేమీ లేదు, లోక్ అదాలత్‌లో ఎన్నో కేసులు మర్యాదగా ముగిశాయి. కానీ నొప్పి ఎంతకాలం ఉంటుందో తేలకముందే "ఫుల్ అండ్ ఫైనల్" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. కారు రిపేరుకని ఇచ్చే కాగితంలో కూడా ఆ మాట ఉందేమో చదివి చూడు. మోటారు వాహనాల చట్టంలోనే 164వ సెక్షన్ కింద గ్రీవియస్ దెబ్బకు తప్పెవరిదని చూడకుండా రెండున్నర లక్షలు ఇచ్చే దారి ఉంది. అది ఒప్పుకుంటే, అవతలివాళ్ల తప్పు చూపించి 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో వేసిన క్లెయిమ్ రద్దవుతుంది. కాబట్టి లెక్క చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

గడువు విషయంలో నిర్లక్ష్యం వద్దు. ఇప్పుడున్న చట్టంలో యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని ఉంది. పోలీసులు తొంభై రోజుల్లో ట్రిబ్యునల్‌కు పూర్తి రిపోర్టు పంపాలని 2022 నుంచి రూల్ ఉంది గానీ, దాని మీద భారం వేసి కూర్చోకు. నువ్వు ఉండేది హైదరాబాద్‌లో కాబట్టి అక్కడి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు, యాక్సిడెంట్ జరిగిన జిల్లా అని భువనగిరి తిరగక్కర్లేదు. ఎఫ్ఐఆర్ కాపీ చేతికి రాగానే నాకు వాట్సాప్ చెయ్యి. డీసీఎం నంబరు అందులో తప్పు పడలేదని నేను చూస్తాను, నంబరు సరిగ్గా ఉంటే బండి పాలసీ ఏ కంపెనీదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ మావయ్య