వీణ కోసం ఉద్యోగం మానాలంటే ఎంత ఉండాలి?

ప్రశ్న: నా వయసు 42. విజయనగరంలో పుట్టి పెరిగాను. పంతొమ్మిదో ఏడు వరకు వీణ నేర్చుకున్నాను. చదువు పూర్తయ్యాక హైదరాబాద్ వచ్చి 19 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్నాను. చేతికి నెలకు 1,70,000 వస్తుంది. మా వారి వయసు 46. ప్రైవేటు డిగ్రీ కళాశాలలో అధ్యాపకులు, జీతం 58,000. పాపకు 11 ఏళ్లు, ఆరో తరగతి. నిజాంపేటలో ఉంటున్న ఫ్లాట్‌పై 24 లక్షల అప్పు మిగిలి ఉంది, వడ్డీ 8.5 శాతం, ఈఎంఐ 38,000. ఇంటి ఖర్చు 82,000. పీఎఫ్‌లో 34 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 26 లక్షలు (సగానికి పైగా స్మాల్ క్యాప్, అంటే చిన్న కంపెనీల షేర్లలో), ప్రభుత్వ పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో 9 లక్షలు, ఒక సహకార బ్యాంకులో 14 లక్షల డిపాజిట్ ఉన్నాయి. సిప్‌లలో, అంటే ఫండ్లలో నెలనెలా పెట్టే వాయిదాల్లో, 55,000 వేస్తున్నాను. నాకు థైరాయిడ్, మా వారికి బీపీ ఉన్నాయి. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చినదే.

అమ్మ ఒంటరిగా ఉంటున్న విజయనగరం ఇంటికి వెళ్లిపోయి, వీణ మళ్లీ సాధన చేసి, పిల్లలకు నేర్పాలన్నది నా కోరిక. అక్కడ నెలకు 40,000 చాలనుకుంటున్నాను. బంధువులేమో కోకాపేటలో పెద్ద ఫ్లాట్ తీసుకోమంటున్నారు. డాలస్‌లో ఇల్లు కొన్న చెల్లెలితో పోలుస్తున్నారు. ఆఫీసులో పదోన్నతి ఇస్తామంటున్నారు. జీతం 35,000 పెరుగుతుంది కానీ నెలకు పది రోజులు ప్రయాణాలు. ఎన్ని కోట్లు ఉంటే నేను ఉద్యోగం మానవచ్చు? ఊరికి వెళ్తే ఓడిపోయి తిరిగొచ్చానంటారేమోనని కూడా భయంగా ఉంది.

సమాధానం: మీ లేఖలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఎన్ని కోట్లు కావాలన్నది ఒకటి, నలుగురూ ఏమంటారన్నది రెండోది. మొదటిదానికి లెక్క తేలేవరకు రెండోది మిమ్మల్ని వదలదు. మన ఇళ్లలో ‘స్థిరపడ్డారు’ అన్న మాటకు సొంత ఇల్లు, దానికంటే పెద్ద ఇల్లు, విదేశంలో పిల్లలు అన్న వరుస ఒకటి ఏర్పడిపోయింది. ఆ వరుసలో ఏ మెట్టు దగ్గర ఆగవచ్చో ఎవరూ చెప్పరు, ఎందుకంటే దాని కొలత పక్కవారి ఇంట్లో ఉంటుంది. మీరు కోరుకుంటున్న జీవితానికి మాత్రం కొలత మీ ఇంటి పద్దులోనే ఉంది. అందుకే కోట్ల దగ్గర కాకుండా ఆ జీవితానికి నెలకు ఎంత అవుతుందన్న చోట మొదలుపెడదాం.

ముందుగా ఒక తేడా చూపించాలి. మీ ఇద్దరి రాబడి 2,28,000. అందులో ఈఎంఐ, ఇంటి ఖర్చు పోగా 1,08,000 మిగలాలి. సిప్‌లకు వెళ్తున్నది 55,000 మాత్రమే. మిగతా 53,000 ఎటు పోతున్నదో లేఖలో లేదు, బహుశా మీకూ తెలియదు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రెండు జీతాలున్న ఇళ్లలో శుభకార్యాలు, సెలవు ప్రయాణాలు, ఫోన్లు, బయటి భోజనాలు ఏ పద్దులోకీ ఎక్కకుండా జరిగిపోతుంటాయి. కానీ దీని అర్థం మీ అసలు ఖర్చు 82,000 కాదు, 1,35,000 అని. అలాంటి ఇల్లు ఊరు మారగానే 40,000కు దిగుతుందని నేను నమ్మలేను. అద్దె లేని ఇల్లయినా పాప చదువు, అమ్మగారి మందులు, మీకు అలవాటైన సదుపాయాలు లెక్కలోకి తీసుకుంటే 55,000 వేసుకోవాలి. దానికి ఆరోగ్య బీమా ప్రీమియం, ఇంటి మరమ్మతులు, పండుగలు, రాకపోకలు వంటి ఏడాదికోసారి వచ్చే ఖర్చులకు నెలకు 12,000 కలిపితే 67,000 అవుతుంది. ఈ సమాధానమంతా ఈ సంఖ్య మీదే నిలబడుతుంది.

దీనికి ఎదురుగా వచ్చేది ఎంతో చూద్దాం. మీ వారికి అక్కడ ఇప్పటి జీతం దొరుకుతుందనుకోకుండా 35,000 వేసుకోండి. నిజాంపేట ఫ్లాట్‌ను 24,000కు అద్దెకిస్తే నిర్వహణ, ఆస్తి పన్ను, ఖాళీగా ఉండే నెలలు పోగా 19,000 చేతికొస్తుందనుకుందాం. రెండూ కలిపి 54,000, అంటే నెలకు 13,000 లోటు. చిన్న మొత్తమే కదా అనిపిస్తుంది. అయితే ఈ లెక్క ఫ్లాట్ అప్పు పూర్తిగా తీరిపోయాకే నిజమవుతుంది. 38,000 ఈఎంఐ మిగిలి ఉండగా వెళ్తే లోటు 51,000కు చేరి, మీ పొదుపు మీ కళ్లముందే కరిగిపోతుంది.

కాబట్టి ఇప్పుడే మానవద్దు. మూడేళ్లు ఆగండి, కానీ ఆ మూడేళ్లనూ ఒకే పనికి కేటాయించండి. లెక్కలో దొరకని 53,000లో 45,000 పట్టుకుని ప్రతి నెలా ఈఎంఐతో పాటు అప్పు అసలుకు కట్టండి. ఈ దారిన ఏడేళ్లు సాగాల్సిన అప్పు సుమారు 33 నెలల్లో తీరిపోతుంది. వడ్డీలో సుమారు 5 లక్షలు మిగులుతాయి. వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ గృహరుణాలను ముందుగా కట్టినందుకు బ్యాంకులు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది కాబట్టి ఆ సందేహం అక్కర్లేదు. పైగా మూడేళ్లకు పాప ఎనిమిదో తరగతి పూర్తి చేస్తుంది. తొమ్మిదిలో బడి మారడం వేరు, పదిలో మారడం వేరు. ఆ వేసవి దాటితే మీరు మరో రెండేళ్లు ఆగాల్సి వస్తుందని ఇప్పుడే గుర్తుంచుకోండి.

మూడేళ్ల తర్వాత మీ చేతిలో ఉండేది ఎంత? సిప్‌లు ఇలాగే సాగితే, పెరుగుదల ఏమీ లెక్కపెట్టకుండా ఫండ్లలో 46 లక్షలు ఉంటాయి. పీఎఫ్‌కు 2024-25లో ఇచ్చిన 8.25 శాతం వడ్డీ కొనసాగితే, కొత్త జమలు కలపకుండానే 43 లక్షలు దాటుతుంది. పీపీఎఫ్ 11 లక్షలు, డిపాజిట్ 14 లక్షలు. మొత్తం సుమారు ఒక కోటీ 14 లక్షలు. ఇందులో పాప చదువుకు 25 లక్షలు, ఏడాది ఖర్చుకు 8 లక్షలు పక్కన పెడితే 81 లక్షలు మిగులుతాయి. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుని నేటి ధరల్లో చూస్తే వాటి విలువ 68 లక్షలు మాత్రమే.

ఇక మీకు నచ్చని భాగం. మీ వారు 60వ ఏట విరమించేనాటికి మీకు 56 ఉంటాయి. అప్పటికి పాప తన కాళ్ల మీద నిలబడుతుంది కాబట్టి ఖర్చు నేటి ధరల్లో 60,000కు తగ్గుతుందనుకుందాం. అద్దె పోను మీ పొదుపు నుంచి నెలకు 41,000, ఏడాదికి సుమారు 5 లక్షలు తీసుకోవాలి. ఏడాది అవసరానికి 25 రెట్లు ఉండాలన్న కొలత అమెరికా మార్కెట్ల చరిత్రను పరిశీలించి ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1994లో ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది. మన దేశ పరిస్థితులు వేరు కాబట్టి దాన్ని నేను కనీస కొలతగానే చూస్తాను. ఆ కనీసమే నేటి ధరల్లో ఒక కోటీ 25 లక్షలు. మీరు 45వ ఏట సంపాదన పూర్తిగా ఆపి, నెలనెలా ఆ 13,000 లోటును పొదుపు నుంచి పూడ్చుకుంటూ పోతే, ధరల పెరుగుదలకు పైన 3 శాతం రాబడి వచ్చినా 56వ ఏటికి చేతిలో ఉండేది 75 లక్షల దగ్గరే. చాలదు.

అదే మీరు నేటి ధరల్లో నెలకు 25,000 సంపాదిస్తే లోటు పోయి 12,000 మిగులు కనిపిస్తుంది. మీకు 62 ఏళ్లు వచ్చేవరకు ఆ రాబడి నిలిస్తే చేతిలో ఒక కోటీ 20 లక్షల దాకా ఉంటుంది. నిజాంపేట ఫ్లాట్ అమ్మకుండా వెనక నిలబడి ఉంటుంది. ఈ 3 శాతం రాబడికి ఎవరూ హామీ ఇవ్వలేరు కనుక ఆ ఫ్లాట్‌ను మీ ఆఖరి ఆసరాగా ఉంచుకోండి. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: అప్పు లేని ఫ్లాట్, ఒక కోటీ 14 లక్షలు, నెలకు 25,000 తెచ్చే పని. ఈ మూడూ ఉన్న రోజున మీరు రాజీనామా ఇవ్వవచ్చు. మూడోది లేకుండా మొదటి రెండూ సరిపోవు.

ఆ 25,000 వీణ పాఠాల నుంచే రావాలన్న నియమం పెట్టుకోకండి. మొదటి రెండేళ్లు పాఠాల రాబడిని సున్నాగానే లెక్కపెట్టి, వారానికి రెండు మూడు రోజుల సాంకేతిక పని ఇంటి నుంచి చేసుకోవడం మేలు. వీణ మీద మొదటి రోజు నుంచే ఇంటి బరువు పెడితే, నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మీ కంటికి ఫీజులుగా కనిపించడం మొదలవుతుంది. మీరు వెళ్తున్నది దాని కోసం కాదు. 1919లో సంగీత కళాశాల మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ గురువుగా పనిచేసిన ఊరు మీది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసే ఇళ్లు అక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎంత ఖర్చు పెట్టినా దొరకని వాతావరణం మీకు పుట్టుకతో దొరికింది. అది ఆస్తి కాదని మీ బంధువులు అనవచ్చు, నేను అనను.

పదోన్నతి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. పెరిగే 35,000లో పన్ను పోగా చేతికొచ్చేది 24,000 అనుకుంటే మూడేళ్లలో సుమారు 8,64,000. కాదనలేని మొత్తమే. కానీ నెలకు పది రోజులు ప్రయాణంలో ఉంటే ఉదయపు సాధన పోతుంది. ఇరవై మూడేళ్లు వీణ ముట్టని చేతివేళ్లకు ఈ మూడేళ్ల సాధనే రేపటి పెట్టుబడి. అది లేకుండా విజయనగరంలో ఎవరికి ఏం నేర్పగలరు? పైన వేసిన లెక్క ఆ పెంపు లేకుండానే నిలబడింది. అందుకే పదోన్నతిని వద్దనమని చెబుతున్నాను. మీకు కావలసిన సంఖ్య తెలియనప్పుడు ఈ మాట చెప్పడం నా వల్ల అయ్యేది కాదు.

కోకాపేట ఫ్లాట్ గురించి ఒక్క మాట చాలు. కోటి రూపాయలు అప్పు తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి, ఇరవై ఏళ్లకు ఈఎంఐ సుమారు 86,800. అది తీరేనాటికి మీకు 62. ఆ సంతకంతో విజయనగరం ఆలోచన ముగిసిపోతుంది.

ఇప్పుడు ఆలస్యం చేయకూడని పనులు. కంపెనీ బీమా రాజీనామాతో ఆగిపోతుంది. ముందే ఉన్న జబ్బులకు ఆరోగ్య బీమా సంస్థలు గరిష్ఠంగా మూడేళ్ల వరకు నిరీక్షణ పెట్టవచ్చు, అంటే అన్నాళ్లూ ఆ జబ్బుల ఖర్చు ఇవ్వకపోవచ్చు. కాబట్టి ఈ నెలలోనే ముగ్గురికీ సొంత పాలసీ తీసుకుని థైరాయిడ్, బీపీ ఉన్నాయని దాచకుండా రాస్తే, మీరు ఊరికి వెళ్లే సమయానికి ఆ నిరీక్షణ పూర్తవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాలపై జీఎస్టీ కూడా లేదు. మీ పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ (గడువులోపు మరణిస్తేనే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) కూడా ఇప్పుడే తీసుకోండి; జీతం ఆగాక అంత మొత్తానికి బీమా దొరకడం కష్టం. సహకార బ్యాంకులోని 14 లక్షలను వెంటనే విడదీయండి, ఎందుకంటే ఒక బ్యాంకులో ఒక వ్యక్తి డిపాజిట్‌కు వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉంది. స్మాల్ క్యాప్ ఫండ్లను మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టే ఇండెక్స్ ఫండ్లలోకి ఒకేసారి కాకుండా మూడు ఆర్థిక సంవత్సరాల్లో మార్చుకోండి. ఏడాది దాటిన ఈక్విటీ (షేర్ల) లాభాల్లో ఏటా 1,25,000 వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఉద్యోగం మానాక పీఎఫ్ తీసేయాలన్న తొందర వద్దు. దానికి మీకు 58 ఏళ్లు వచ్చేవరకు వడ్డీ వస్తూనే ఉంటుంది, కాకపోతే మానిన తర్వాత వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి.

‘ఓడిపోయి తిరిగొచ్చింది’ అన్న మాటకు భయపడుతున్నానని రాశారు. ఆ మాట కొందరు అంటారు, అనరని నేను చెప్పలేను. అయితే అది ఇంట్లో మొదలవకుండా మీరు చూసుకోగలరు. ఈ లెక్కంతా మీ వారితో కూర్చుని చదవండి. 35,000 జీతానికి దిగాల్సింది ఆయన కూడా. మీ కోరికకు ఆయన చెల్లిస్తున్న ధర అది. ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే పైన ఉన్న ఏ సంఖ్యా పనికిరాదు. అమ్మగారినీ అడగండి. అద్దె లేని ఇల్లని నేను లెక్కవేసింది ఆవిడ ఇంటినే.

రాజీనామా గురించి ఆఫీసులో ఎవరితోనూ అనకముందు ఆరు నెలలు ఒక ప్రయోగం చేయండి. ఈఎంఐ, అదనపు అసలు, సిప్‌లు జీతం పడిన రోజునే వెళ్లిపోయేలా పెట్టి మిగిలిన దానితో ఇల్లు నడపండి, ప్రతి ఖర్చూ రాయండి. శనివారం ఉదయాలు నలుగురు పిల్లలకు వీణ నేర్పడం ఇక్కడే మొదలుపెట్టండి. ఆరో నెల చివర ఆ ఖర్చుల పుస్తకంలోని మొత్తాన్ని, ఆ నలుగురిలో ఎంతమంది ఇంకా వస్తున్నారో నాకు రాయండి. రాజీనామా నెలను అప్పుడు నిర్ణయిద్దాం.