తాతయ్య కాఫీ గ్లాసు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కాలేజీ వార్షికోత్సవానికి వేస్తున్న ‘కన్యాశుల్కం’లో నాది లుబ్ధావధాన్లు వేషం. మా తాతయ్యను గమనించి నడక, దగ్గు, రెండు చేతులా గ్లాసు పట్టుకున్నా వణికే తీరు నేర్చుకున్నాను. రిహార్సల్ వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ పడీపడీ నవ్వారు. కానీ ముసలి గొంతు పది నిమిషాలకు మించి నిలవడం లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. ఏదైనా చిట్కా చెప్పండి. తాతయ్యకూ ఈ మధ్య మనసు బాగున్నట్టు లేదు, కాఫీ కూడా గదిలోకే తెప్పించుకుంటున్నారు.

జవాబు: గొంతు సంగతి మీ డైరెక్టర్‌ని అడుగు. గొంతు నులుముకుని మాట్లాడితే పది నిమిషాలు నిలవడమే ఎక్కువ. నీ సొంత గొంతుతోనే నెమ్మదిగా మాట్లాడు, సరిపోతుంది.

నువ్వు ఉత్తరం చివర ఓ మూల పడేసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. ‘మనసు బాగున్నట్టు లేదు’ అట! ఆయన ఎందుకు గదిలో కూర్చున్నారో నీకు తెలియదా? చేతి వణుకు ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. నలుగురిలో గ్లాసు పట్టుకోవడమే ఆయనకు ఓ పరీక్ష. ఆ చేతినే నువ్వు చుట్టాలందరికీ చూపించి నవ్వించావు. మీ నాన్నగారు కూడా నవ్వారా? నవ్వే ఉంటారు. నాకు ఆయన మీదా కోపంగానే ఉంది.

ఇక నీ వేషం. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన నాటకమది. అప్పటి నుంచి ఎంతమంది దగ్గి ఉంటారో! లుబ్ధావధాన్లు పిసినారే, కాదనను. కానీ ఆయన్ను ఆడించనివాళ్ళు ఎవరున్నారు? ఆడవేషం వేసిన కుర్రాణ్ణి పెళ్ళికూతురని అంటగట్టారు. ఆ ‘పిల్ల’ మాయమయ్యాక ఖూనీ నేరం మెడకు చుట్టుకుంది. ఎవరిని నమ్మాలో తెలియని ఆ ముసలాయన భయం పట్టుకోకుండా దగ్గు ఒక్కటీ పట్టుకుంటే అది మిమిక్రీ అవుతుంది. అయినవాళ్ళే తనను చూసి నవ్వుతున్నారని తెలిసిన మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి నువ్వు లైబ్రరీకి వెళ్ళనక్కర్లేదు. మీ ఇంట్లో పక్కగదిలోనే ఉన్నారు, నీ పుణ్యమా అని.

వేషం మానుకోమనడం లేదు. ఆ చేతి వణుకు మాత్రం తీసెయ్, అది నీది కాదు. వీడియో ఈ రాత్రే డిలీట్ చెయ్, అదే గ్రూపులో తప్పయిందని రాయి. నవ్వింది అక్కడే కదా. తాతయ్యకు మాత్రం ఫోన్‌లో ‘సారీ’ పెట్టకు. పొద్దున్నే కాఫీ నువ్వే పట్టుకెళ్ళి ఆయన పక్కన కూర్చో. వెంటనే మాట్లాడకపోవచ్చు, లేచి రాకు.

గ్లాసు నిండా పోయకు. సగమే పొయ్యి.