పాత పికప్ సస్పెన్షన్ బాగుచేయించాలా, లోన్ మీద కొత్త బండి కొనాలా?

ప్రశ్న: నా పికప్ వయసు 14 ఏళ్లు. సరుకులు తోలడానికి వారమంతా అదే దిక్కు. ఈ మధ్య గతుకుల్లో ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడొస్తోంది, లోడ్ వేస్తే వెనక బాగా కుంగిపోతోంది. సస్పెన్షన్ మొత్తం మార్చాలని మెకానిక్ అన్నారు. ఆయన చెప్పిన ఖర్చు, ఇంటి ఖర్చులు పోను నెలకు నాకు మిగిలేదానికి 5 రెట్లు. బండి అమ్మితే వచ్చేదాంట్లో సగానికి పైనే. అత్యవసర నిధిగా 3 నెలల ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బుంది. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టి మొత్తం ఒకేసారి చేయించనా? లేక దీన్ని అమ్మేసి లోన్ మీద కొత్తది తీసుకోనా? కొత్తదాని ఈఎంఐకి నెల మిగులులో ముప్పావు వంతు పోతుంది.

జవాబు: రెండూ వద్దు. బండిని బాగుచేయించండి, కానీ రెండు విడతల్లో, చేతిలో ఉన్న డబ్బుతో.

"బండి విలువలో సగం దాటితే రిపేరు చేయించకూడదు" అన్న మాట మిమ్మల్ని భయపెట్టినట్టుంది. అమ్మబోయే బండికైతే ఆ లెక్క సరిపోతుంది. మీరు అమ్మడం లేదు, దాంతో బతుకు నడుపుకుంటున్నారు. కాబట్టి ఈ ఖర్చు పెడితే ఇంకా ఎన్ని నెలలు పని చేసుకోవచ్చు, నెలకు ఎంత పడుతుంది అన్నదే మీరు చూసుకోవాల్సింది. 3 ఏళ్లు నడుస్తుందనుకోండి, అంటే 36 నెలలు. 5 నెలల మిగులును 36తో భాగిస్తే నెలకు మీ మిగులులో ఏడో వంతు దగ్గర పడుతుంది. పాత బండి కాబట్టి వేరే రిపేర్లూ వస్తాయి. వాటికి కూడా అంతే మొత్తం పక్కన పెట్టినా ఏడింట రెండు వంతులు దాటదు. కొత్తదాని ఈఎంఐ ముప్పావు వంతు అంటున్నారు, దాని ఇన్సూరెన్స్ ఇంకా లెక్కలోకి రానేలేదు. ఒక నెల గిరాకీ తగ్గినా ఈఎంఐ ఆగదు. పాత బండి ఖర్చును మాత్రం కొంతవరకైనా వెనక్కి ముందుకి జరుపుకోవచ్చు.

ఈ లెక్క నిలబడాలంటే బండి అసలు ఒళ్లు గట్టిగా ఉండాలి. అందుకే ఒక్క పార్టు కూడా కొనకముందే బండిని ఎత్తించి ఛాసీ, అంటే అడుగు చట్రం, చూపించండి. ముఖ్యంగా వెనక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులు) ఛాసీకి బిగించే బ్రాకెట్ల చుట్టూ తుప్పు తినేసిందా, పగుళ్లున్నాయా చూడాలి. ఇంజిన్, గేర్‌బాక్స్ గురించి కూడా అప్పుడే అడగండి. వీలైతే ఇది మీకు ఎస్టిమేట్ ఇచ్చినవాళ్లతో కాకుండా, ఆ పని దక్కే ఆశ లేని ఇంకో మెకానిక్‌తో డబ్బిచ్చి చేయించండి. ఈ మొత్తం వ్యవహారంలో బాగా కలిసొచ్చే ఖర్చు ఇదే.

ఇక ఎస్టిమేట్. "మొత్తం మార్చాలి" అన్నది ఎస్టిమేట్ కాదు. ప్రతి పార్టుకూ ధర, దాన్ని మార్చే కూలి విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా ఒకసారి, రెండు పక్కలా ఒకసారి పట్టుకుని ఊపితే ఎక్కడ ప్లే (వదులు) ఉందో మీకే చూపించమనండి. చప్పుడు బాల్ జాయింట్‌ది (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు) కావచ్చు, టై రాడ్ ఎండ్‌ది (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కొస) కావచ్చు, లింక్ రాడ్‌ది (మలుపుల్లో ఊగుడు తగ్గించే కడ్డీని పట్టి ఉంచేది) కావచ్చు, లోయర్ ఆర్మ్ బుష్‌ది (చక్రాన్ని కింద పట్టి ఉంచే ఆర్మ్‌లోని రబ్బరు) కావచ్చు. చెవికి అన్నీ ఒకలాగే వినిపిస్తాయి గానీ ప్రమాదం ఒకలా ఉండదు. లింక్ రాడ్ అరిగితే చప్పుడు, మలుపుల్లో కాస్త ఊగుడు. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, టై రాడ్ ఎండ్ ఊడితే స్టీరింగ్ మాట వినదు. ఈ రెండింట్లో ఏది అరిగినా దయచేసి ఒక్క ట్రిప్పు కూడా వాయిదా వేయకండి. లోడ్ బండి మీద మీరు ఉంటారు, ఎదురుగా ఇంకొకరు ఉంటారు.

అందుకని మొదటి విడత ముందు భాగమంతా. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, పోయిన బుష్‌లు. వాటికోసం ఎలాగూ అంతా విప్పుతారు కాబట్టి, ముందు షాక్ అబ్జార్బర్లు కూడా పోయి ఉంటే అదే కూలిలో పని అయిపోతుంది. మళ్లీ ఇంకోసారి విప్పిస్తే అదే పనికి రెండుసార్లు కూలి కట్టినట్టు. చివర్లో ఒకేసారి వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం. టైర్లు ఒక పక్కే అరిగి ఉంటే వాటి మీద ఇప్పుడే డబ్బు పెట్టకండి. అవి నడపడానికి పనికిరాని స్థితిలో ఉంటే తప్ప కొత్తవి అలైన్‌మెంట్ అయ్యాకే. అరిగిన సస్పెన్షన్ మీద కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే అరిగిపోతాయి.

దీనికి మీ మిగులు 2 నెలలది పడుతుందనుకుందాం. ఆ డబ్బు అత్యవసర నిధిలోంచి తీయండి. నిధిని ముట్టుకోవాలంటే టెన్షన్ ఉంటుందని తెలుసు. కానీ సంపాదించి పెట్టే బండి, దాని మీద ఉండే మనిషి భద్రత, ఇంతకు మించిన అత్యవసరం ఏముంటుంది? తర్వాతి 2 నెలల మిగులుతో నిధిని నింపేయండి, ఆ తర్వాత 3 నెలలు రెండో విడతకు కూడబెట్టండి. కార్డు ఈఎంఐలో కట్టే వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపితే అది దాదాపు ఎప్పుడూ మనం అనుకున్నదానికంటే ఎక్కువే తేలుతుంది. ఈ దారిలో అవేవీ ఉండవు. పాత బండిలో బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయి కోయాల్సి రావడం మామూలే, కాబట్టి ప్రతి విడతలోనూ కొంచెం అదనంగా ఉంచుకోండి.

రెండో విడత వెనక భాగం. ఇక్కడ చాలామంది పొరపాటు ఖర్చు చేస్తారు. వెనక కుంగుతోందని కొత్త షాకులు వేయిస్తారు, కుంగడం అలాగే ఉంటుంది. బరువు మోసేది కమాన్ కట్టలు. షాక్ అబ్జార్బర్ పని ఆ కమాన్ల ఊగుడును ఆపడమే. పట్టీలు విరగకుండా వంపు మాత్రమే తగ్గి ఉంటే, ఒక పట్టీ అదనంగా వేయించుకోవడం తక్కువ ఖర్చులో తేలే మార్గం. అయితే పట్టీ పెరిగిందని బండి మోసే పరిమితి పెరగదు. బ్రేకులు, యాక్సిల్ (ఇరుసు) పాతవే కదా. పట్టీ విరిగి ఉంటే మాత్రం వాయిదా లేదు, అది కూడా మొదటి విడతలోకే వస్తుంది. రెండో విడత అయ్యేదాకా లోడ్ తగ్గించి తోలండి. రాబడి కాస్త తగ్గుతుంది, ఆ తగ్గుదలను కూడా పైన చెప్పిన లెక్కలో కలుపుకోండి.

ఎక్కడ తగ్గించుకోవచ్చంటే: బండి కంపెనీ పెట్టెలో వచ్చే పార్టునే చాలాసార్లు దాన్ని తయారుచేసే కంపెనీ తన పేరుతో తక్కువకు అమ్ముతుంది. స్క్రాప్ బండి నుంచి తీసిన కమాన్ కట్ట పగుళ్లు లేకుండా గట్టిగా ఉంటే తీసుకోవచ్చు. బాల్ జాయింట్లు, షాకులు సెకండ్ హ్యాండ్‌వి ఎప్పుడూ వద్దు. షాకులు ఒక యాక్సిల్‌కి రెండూ కలిపే మార్చాలి. కమాన్లు విప్పితే వాటిని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవి వేయించండి, అక్కడ పీనాసితనం పనికిరాదు. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరిగా బిగించమని గట్టిగా చెప్పండి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది, అదే పనికి మళ్లీ రావాల్సి వస్తుంది.

ఒకవేళ ఛాసీ పగిలిందనో, బ్రాకెట్ల దగ్గర తుప్పు తినేసిందనో తేలితే ఈ సలహా మారిపోతుంది. అప్పుడు సస్పెన్షన్ మీద పైసా పెట్టకండి. ఉన్నదున్నట్టు చెప్పి బండిని వచ్చిన ధరకు అమ్మండి. కొత్తదానికి బదులు ఇంతకంటే తక్కువ వయసున్న సెకండ్ హ్యాండ్ పికప్‌ను, ఈఎంఐ మీ నెల మిగులులో మూడో వంతు దాటకుండా చూసుకోండి. సంతకం పెట్టేముందు దాన్ని కూడా ఇలాగే ఎత్తించి, కింద నుంచి చూపించండి.