స్లీవ్ ఆపరేషన్ అయ్యాక కూడా రాత్రి డబ్బా దగ్గరకే చెయ్యి వెళ్తుంటే

ఆపరేషన్ అయినా రాత్రిళ్లు తినడం ఆగట్లేదని రాశారు కదా, అది కడుపు ఆకలి కాదక్కా. బరువు తగ్గడానికి చేసే ఈ స్లీవ్ ఆపరేషన్‌లో లోపలి జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేస్తారు గానీ దిగులొస్తే తినే అలవాటుని కొయ్యరు కదా. పాపతో ఫోన్ పెట్టేశాకే పలాస జీడిపప్పు డబ్బా తీస్తున్నానని మీరే రాశారు.

1. మూత తీసే ముందే టైమూ, మనసులో ఏముందో ఒక్క ముక్క రాయండి. అందరూ వదిలేసేది ఇదే. తిన్నాక రాస్తే తప్పు చేశాననే బాధ తప్ప కారణం దొరకదు. నేనూ ఇలాగే రాస్తే నా కాగితంలో వరసగా నాలుగు రోజులు "7.30, ఇల్లు ఖాళీ" అనే ఉంది.

2. పది నిమిషాలాగండి. నిజం ఆకలైతే ఉడికిన గుడ్డయినా సరే అనిపిస్తుంది.

3. టీతో కలిపి తినొద్దు, తిన్నాక అరగంట ఏమీ తాగొద్దు. తిన్నది తొందరగా కిందికి జారిపోయి, కడుపు నిండినట్టే తెలీదు.

4. అయినా ఆగకపోతే ఆపరేషన్ చేసిన చోట కౌన్సిలింగ్ అడగండి. శ్రీకాకుళం నుంచి మాటిమాటికీ వైజాగ్ వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.