బయటపడటం, బయలుపరచడం

సందేహం: "యేసు జీవితం ద్వారా దేవుడు ఎలాంటివాడో బయటపడింది" అని ఒక వ్యాసంలో రాశాను. "బయటపడటానికి అదేమైనా నేరమా?" అని చదివినవారొకరు ఆక్షేపించారు. తెలుగు బైబిలులో 'బయలుపరచెను' అని ఉంది. ఈ రెండింటికీ నిజంగా తేడా ఉందా? 'వెల్లడైంది' అంటే సరిపోతుందా?

సమాధానం: ఆక్షేపణ న్యాయమైనదే. పుట్టుక చూస్తే మాత్రం రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలు. బయలు అంటే అడ్డూ మరుగూ లేని చోటు. ఆరుబయలు అంటున్నామే, అదే. ఇల్లు 'ఇంట', నోరు 'నోట' అయినట్టే బయలు 'బయట' అయింది. పగలు రెండుసార్లు వచ్చి పట్టపగలు అయినట్టు, బయలు రెండుసార్లు వచ్చి బట్టబయలు అయింది. ఆమ్రేడిత సంధి చదువుకున్నవారికి ఇవి పాత చుట్టాలు.

మాటలు ఒక ఇంట పుట్టినా వాడుకలో దారులు వేరయ్యాయి. గండం నుంచి బయటపడతాం. లేదా దాచినది బయటపడుతుంది. ఆ దాచినది చాలావరకు తప్పో, కుట్రో, బండారమో అయి ఉంటుంది. "ఆయన మంచితనం బయటపడింది" అంటే చెవికి ఏదో తేడాగా తోస్తుంది. 'బయటపెట్టు' మరీ పదునైనది. అందులో ఎదుటివారిని నలుగురిలో నిలబెట్టాలన్న ఉద్దేశం ఉంటుంది.

యోహాను సువార్త 8వ అధ్యాయంలో ఈ తేడా కళ్ళకు కడుతుంది. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని శాస్త్రులు, పరిసయ్యులు తెచ్చి జనం మధ్య నిలబెట్టారు. ఇలాంటివారిని రాళ్ళతో కొట్టాలని ధర్మశాస్త్రంలో ఉంది, నువ్వేమంటావని యేసును అడిగారు. వారు చేసింది బయటపెట్టడం. యేసు వంగి వేలితో నేల మీద రాస్తూ ఉండిపోయాడు. పాపం లేనివాడు మొదటి రాయి వేయవచ్చునన్నాడు. పెద్దలు మొదలుకొని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేనూ నీకు శిక్ష విధించను, వెళ్ళి ఇక పాపం చేయకు అని ఆమెను పంపాడు. ఆ మాటలో దేవుడు ఎలాంటివాడో అక్కడున్నవారి కళ్ళముందుకు వచ్చింది. దీనికి బయలుపరచడమన్నదే తగిన మాట. ఒకే చోట, ఒకే మనిషి ఎదుట రెండు క్రియలూ జరిగాయి. వాటిని కలిపేస్తే కథే తలకిందులవుతుంది.

మీరు చెప్పిన 'బయలుపరచెను' అదే సువార్త 1వ అధ్యాయం 18వ వచనంలోనిది: "ఎవడును ఎప్పుడైనను దేవుని చూడలేదు, తండ్రి రొమ్ముననున్న అద్వితీయ కుమారుడే ఆయనను బయలుపరచెను." గ్రీకు మూలంలోని క్రియకు బయటికి నడిపించడం, విశదంగా చెప్పడం అన్న అర్థాలున్నాయి. అనువాదకులు 'వివరించెను' అని సరిపెట్టుకోవచ్చు. బయలును ఎంచుకున్నందుకు వారికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇక 'వెల్లడించు'. దానికి కర్మగా సంగతి కావాలి. నిర్ణయం వెల్లడిస్తాం, ఫలితాలు వెల్లడిస్తాం; మనిషిని వెల్లడించలేం. పై వాక్యంలో కర్మ 'ఆయనను'. తెలియవలసింది దేవుణ్ణి గురించిన సమాచారమైతే వెల్లడించు చాలు. తెలియవలసింది దేవుడే అయినప్పుడు ఆ క్రియ చాలదు.

13వ అధ్యాయం తీసి చూడండి. తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని యేసు ఎరిగి ఉన్నాడంటాడు సువార్తికుడు. వెంటనే ఆ చేతులు ఏం చేశాయో చెబుతాడు. పైవస్త్రం తీసి పక్కన పెట్టాయి. తువాలు నడుముకు కట్టాయి. పళ్ళెంలో నీళ్ళు పోసి శిష్యుల కాళ్ళు కడిగాయి, ఆ తువాలుతోనే తుడిచాయి. పేతురు వద్దు వద్దంటున్నాడు. ఆ రాత్రే పట్టివ్వబోయే యూదా ఇంకా లేచి వెళ్ళలేదు. సర్వాధికారం ఉన్నవాడు ఎలా ఉంటాడన్న ప్రశ్నకు ఇంత దగ్గరగా, తడి చేతులతో వచ్చిన జవాబు నేను మరెక్కడా చదవలేదు.

మీ వాక్యంలో ఇంకొకటి కూడా మార్చమంటాను. 'జీవితం ద్వారా' అన్నారు. ద్వారా అనగానే జీవితం ఒక సాధనమై, దేవుడు దాని అవతల ఎక్కడో ఉన్నట్టవుతుంది. తండ్రిని చూపించమని శిష్యుడు ఫిలిప్పు అడిగినప్పుడు, "నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు" అన్నాడు యేసు. చూపు అక్కడే ఆగుతుంది, దాటి వెళ్ళవలసిన పని లేదు. అందుకే 'లో' మేలు: "దేవుడు ఎలాంటివాడో యేసు తన జీవితంలో బయలుపరిచాడు." కర్త కనబడకుండా రాయదలిస్తే "యేసు జీవితంలో దేవుని స్వభావం బయలుపడింది" అనండి. 'బయల్పడింది' అన్నా తప్పులేదు.