ఫిజిక్స్ చదివే అమ్మాయికి ఎంబీఏ ఎందుకండీ?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు పరిశ్రమలో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, ఫిజిక్స్ మేజర్. సైంటిస్టునవుతానంటోంది. తను చూపించిన ఒక ప్రొఫెసర్ గారి వివరాల్లో రీసెర్చ్ గ్రూప్ లీడర్, డిపార్ట్‌మెంట్ హెడ్, ఏదో అంతర్జాతీయ ప్రయోగానికి డిప్యూటీ స్పోక్స్‌పర్సన్ అని వరసగా పదవులే ఉన్నాయి. ఇవన్నీ ఆఫీసరు ఉద్యోగాల్లా కనిపిస్తున్నాయి. ఎమ్మెస్సీ అయ్యాక ఎంబీఏ కూడా చేయిస్తే ఆ స్థాయికి తొందరగా వెళ్తుందా? ఈ పదవులకు జీతం వేరేగా ఇస్తారా? ఇదంతా ఆడపిల్లకు కుదిరే పనేనా?

జవాబు: నమస్కారం అండీ. ఎంబీఏ వద్దు. ఆ రెండేళ్లూ, ఆ ఫీజూ దండగ.

మీ పరిశ్రమలోనే చూడండి. పప్పు చేతిలోకి తీసుకోగానే అది 240 రకమో 320 రకమో చెప్పగలిగిన మనిషి మాట గ్రేడింగ్ దగ్గర చెల్లుతుంది. ఎన్నడూ పప్పు ఏరని వాణ్ని తెచ్చి సూపర్‌వైజర్‌గా పెడితే పనివాళ్లు మొహం మీద అనరు గానీ లోపల నవ్వుకుంటారు. సైన్సులో ఇది ఇంకో పాలు ఎక్కువే. పైగా అక్కడ నాయకుడి కింద పనిచేసేవాళ్లలో చాలామందికి ఆయన జీతమిచ్చేవాడు కాదు.

మీరు రాసిన మూడు పదవులూ మూడు రకాలు. డిపార్ట్‌మెంట్ హెడ్ పదవి చాలా యూనివర్సిటీల్లో సీనియారిటీని బట్టి వంతులవారీగా వస్తుంది. టైమ్ టేబుళ్లు, పరీక్షలు, సెలవు చీటీలు చూసుకోవాలి. రీసెర్చ్ చేసుకునేవాళ్లు చాలామంది దాన్ని ఎప్పుడు దించుకుందామా అనే చూస్తారు. దానికోసం కలలు కనక్కర్లేదు.

గ్రూప్ లీడర్ సంగతి వేరు. మన దగ్గర వాడుకలో పీఐ అంటారు, ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్. ప్రాజెక్టు రాసి, పరిశోధనలకు నిధులిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచి డబ్బు తెచ్చుకోవాలి. జేఆర్‌ఎఫ్‌లను, అంటే ఫెలోషిప్ మీద పీహెచ్‌డీ చేసే పిల్లలను, ఎంచుకోవాలి. పరికరం కావాలంటే ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్‌లో కొనుగోలు నడపాలి, ఏడాది చివర డబ్బు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. వీటి మధ్యలోనే పిల్లల థీసిస్‌లు దిద్దాలి. జీతం మాత్రం ప్రొఫెసర్ జీతమే.

ఇక స్పోక్స్‌పర్సన్. వందల సంస్థలు కలిసి చేసే ప్రయోగానికి నాయకత్వం వహించే పదవి పేరది. జెనీవా దగ్గర సెర్న్ అనే అంతర్జాతీయ ఫిజిక్స్ పరిశోధన కేంద్రంలోని అట్లాస్, సీఎమ్ఎస్ ప్రయోగాల్లో ఒక్కోదానిలో సుమారు 3,000 మంది సైంటిస్టులుంటారు. 2015లో ఈ రెండు జట్లూ కలిసి హిగ్స్ బోసాన్ అనే మూలకణం బరువు మీద ప్రచురించిన పేపర్‌కి రచయితలు 5,154 మంది! వీళ్లలో ఎక్కువమందికి జీతం సొంత యూనివర్సిటీ నుంచో, సొంత ల్యాబ్ నుంచో వస్తుంది. స్పోక్స్‌పర్సన్ ఎవర్నీ బదిలీ చేయలేరు, ఇంక్రిమెంట్ ఆపలేరు. సాటివాళ్లే నిర్ణీత కాలానికి ఎన్నుకుంటారు, కాలం తీరాక దిగిపోయి మళ్లీ మామూలు సైంటిస్టుగా పని చేసుకుంటారు. ఒప్పించి పని చేయించడమే ఆ పదవిలో ఉన్న అధికారమంతా.

మీ చివరి ప్రశ్నకు జవాబుగా గాబ్రియేలా గొంజాలెజ్ గారి సంగతి చెప్తాను. ఆవిడ అర్జెంటీనాలోని కోర్డోబాలో ఫిజిక్స్ చదివి, పీహెచ్‌డీకి అమెరికా వెళ్లారు. అక్కడ ఎంచుకున్న పని వింటే పెద్దగా ఏమీ అనిపించదు. లోలకంలా వేలాడదీసిన వస్తువులో వేడి వల్ల పుట్టే అతి సన్నని వణుకును కొలవడం. విశ్వంలో భారీ వస్తువుల కదలికతో పుట్టే గురుత్వ తరంగాలను పట్టే లైగో ప్రయోగంలో అద్దాలు అలాగే వేలాడతాయి, వాటి వణుకు లెక్క తేలకపోతే అసలు సిగ్నలేదో తెలియదు. అందుకే అంత చిన్న పని అంత విలువైనదైంది. తర్వాత ఏళ్ల తరబడి ఆ డిటెక్టర్ల మీదే పనిచేశారు, యూనివర్సిటీలో పాఠాలూ చెప్పారు. 2011లో లైగో శాస్త్రవేత్తలు ఆవిడను స్పోక్స్‌పర్సన్‌గా ఎన్నుకున్నారు.

2015 సెప్టెంబరు 14న మొదటి సిగ్నల్ వచ్చింది. అందరికీ ముందు పుట్టింది అనుమానమే. ఎందుకంటే 2010లో కొద్దిమంది కావాలనే, మిగతావాళ్లకు చెప్పకుండా, డేటాలోకి దొంగ సిగ్నల్ పంపించి పరీక్ష పెట్టారు. ఇదీ అలాంటిదేనా? కాదని తేల్చాలి, లెక్కలు వేరువేరు పద్ధతుల్లో సరిచూడాలి, వెయ్యిమందికి పైగా ఒప్పుకునేలా ఒక పేపర్ రాయాలి, అంతవరకూ విషయం బయటికి పొక్కకూడదు. దాదాపు అయిదు నెలలకు, 2016 ఫిబ్రవరి 11న ప్రకటించారు. ఆ అయిదు నెలలు ఒక స్పోక్స్‌పర్సన్‌కి ఎంత టెన్షనో ఊహించుకోండి. లోలకం వణుకు స్వయంగా కొలిచిన మనిషి కాబట్టే ఎవరి అనుమానం పట్టించుకోవాలో, ఎవరిది వట్టి భయమో ఆవిడకు తెలిసింది, నా ఉద్దేశంలో. ఆడపిల్లకు కుదురుతుందా అన్నదానికి ఇంతకంటే చెప్పను.

దగ్గరి ఉదాహరణ కావాలంటే సూరి భగవంతం గారు. రామన్ గారి శిష్యుడు, మన ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఈ పదవులన్నీ కాంతిని రంగులుగా విడదీసి పరిశీలించే వర్ణపట శాస్త్రంలో పేరొచ్చిన తర్వాతివే.

అమ్మాయి ఇప్పుడు చేయాల్సింది చూద్దాం. ఎమ్మెస్సీ సీటు కోసం రాసే ఐఐటీ జామ్ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, డిగ్రీ మూడో ఏడులోనే రాయొచ్చు. పెద్ద ప్రయోగాల వైపు వెళ్లాలంటే ఎక్కడ చదువుతామన్నది ముఖ్యం. ఇచ్ఛాపురం దాటితే బరంపురంలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది. భువనేశ్వర్‌లో అలాంటిదే నైసర్, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ఉన్నాయి, ఈ రెండుచోట్లా సెర్న్ ప్రయోగాల్లో పనిచేసే గ్రూపులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు అమెరికాలో జరిగే న్యూట్రినో అనే సూక్ష్మ కణాల ప్రయోగాల్లో ఉన్నారు. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో ఇండియా కట్టడానికి 2023లో కేంద్రం 2,600 కోట్లు మంజూరు చేసింది. నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి ఆ జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. మీరు ఫీజుల గురించి బెంగ పడాల్సిన వయసు అప్పటికి దాటిపోతుంది.

కోడింగ్ మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టించండి. పైథాన్ చాలు. సెర్న్ తన ఓపెన్ డేటా పోర్టల్లో సీఎమ్ఎస్ ప్రయోగం డేటాను ఉచితంగా పెట్టింది. పలాసలో మీ ఇంట్లో కూర్చుని మామూలు ల్యాప్‌టాప్ మీద నిజమైన డేటాతో గ్రాఫ్ గీయొచ్చు. రెండోది, ఇంగ్లీషులో పది నిమిషాలు చేసిన పని చెప్పడం. ఈ ప్రయోగాల్లో వారం వారం ఆన్‌లైన్ మీటింగులుంటాయి. వేసవిలో జెనీవాలో సాయంత్రం నాలుగంటే మనకు రాత్రి ఏడున్నర. అయిదో స్లైడ్ దగ్గర ఎవరో ఆపి, ఈ గ్రాఫులో ఎర్రర్ బార్లు (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చూపే గీతలు) ఎలా లెక్కకట్టావు అని అడుగుతారు. తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే వచ్చే వారం చూసి చెప్తానని నిజంగా చూసి చెప్పాలి. నాయకత్వం మొదలయ్యేది ఇక్కడే. ఇలా నమ్మకం కుదిరినవాళ్లకే ముందు ఒక చిన్న ఉప బృందం అప్పగిస్తారు.

ఒకటి దాచకుండా చెప్పాలి. పీహెచ్‌డీ చేసినవాళ్లందరికీ ప్రొఫెసర్ ఉద్యోగం దొరకదు. చాలామంది డేటా సైన్స్ వైపో, ఐటీ వైపో వెళ్తారు, అక్కడ బాగానే ఉంటారు. అలాగే, అమ్మాయికి పదిమందితో పనికంటే కాగితం, పెన్నుతో ఒంటరిగా ఆలోచించడం ఇష్టమైతే థియరీ వైపు పోనివ్వండి. అక్కడ ఇంతలేసి జట్లు ఉండవు.

వచ్చే వేసవికి ఏదో ఒక ల్యాబులో నెలన్నర పనిచేసేలా చూడండి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి ముందటి చలికాలంలోపే దరఖాస్తు పెట్టాలి. ప్రొఫెసర్లకు నేరుగా మెయిల్ కూడా రాయమనండి. "ఐయామ్ వెరీ ప్యాషనేట్" లాంటివి వద్దు. ఆ ప్రొఫెసర్ పేపర్ ఒకటి చదివి, అందులో అర్థమైనదొకటి, అర్థం కానిదొకటి, తను గీసిన గ్రాఫ్ ఒకటి జతచేస్తే చాలు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేసి, అప్పటికీ రాకపోతే ఇంకో ల్యాబుకి రాయమనండి.