జైపాల్‌రెడ్డి గారు తెచ్చిన స్వేచ్ఛ దూరదర్శన్‌కు ఎందుకు అందలేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే ప్రసార భారతి సంస్థను ప్రభుత్వం చేతి నుంచి విడిపించింది మాజీ కేంద్ర మంత్రి సూదిని జైపాల్‌రెడ్డి గారని ఆయన వర్ధంతికి ఎవరో రాశారు. అదే నిజమైతే దూరదర్శన్, ఆకాశవాణి ఇప్పటికీ అధికారంలో ఉన్నవారి పాటే ఎందుకు పాడుతున్నాయి? ఆయన చేసిందంతా ఉత్తదేనా?

ఆయన చేసింది నిజమైన పనే. కాకపోతే సగం. మిగతా సగం సంగతి నాకు కొంత దగ్గరగా తెలుసు. ఒకప్పుడు ఒక ప్రాంతీయ వార్తా విభాగంలో క్యాజువల్ ఉద్యోగిగా అనువాదాలు చేశాను. ఏ ఊరన్నది వదిలేయండి.

2019 జులై 28న, 77 ఏళ్ల వయసులో ఆయన పోయినప్పుడు చాలామంది ఆయన ఇంగ్లీషునే తలచుకున్నారు. పసితనంలో పోలియో, ఊతకర్రలు, ఉస్మానియాలో ఎం.ఏ., వరసగా కల్వకుర్తి శాసనసభ్యత్వం, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది, ఎమర్జెన్సీ నచ్చక కాంగ్రెస్ వదిలేసిన మనిషి, 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీదే పోటీకి నిలబడి ఓడిన మనిషి. ప్రతిపక్షం జైల్లో ఉంటే ఆ ఊసే లేకుండా రోజూ వార్తలు చదివిన రేడియో, ప్రభుత్వం అడిగినట్టు చేయలేదని కిశోర్ కుమార్ పాటలనే ఆపేసిన రేడియో ఆ తరానికి చిన్న విషయం కాదు.

ప్రసార భారతి చట్టం కథంతా దాదాపు మన తెలుగువాళ్ల చేతుల మీదుగానే నడిచింది. ఎమర్జెన్సీ తర్వాత జనతా ప్రభుత్వం, రేడియో, టీవీలకు స్వేచ్ఛ ఎలా ఇవ్వాలో చెప్పమని వర్గీస్ కమిటీ వేసింది. 1978లో నివేదిక వచ్చింది, మరుసటి ఏడాది బిల్లూ వచ్చింది, ప్రభుత్వమే పడిపోవడంతో అదీ పోయింది. ఆ తర్వాత దూరదర్శన్‌ను జనం ‘రాజీవ్ దర్శన్’ అని వెక్కిరించిన కాలం. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడు ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఎవరూ టీవీ గురించి ఆలోచించలేదు, పొద్దున్నే పత్రిక కోసం గుమ్మంలో కాచుకునేవాళ్లు. ఆ తెలుగుదేశం నుంచే వెళ్లిన పర్వతనేని ఉపేంద్ర వి.పి.సింగ్ ప్రభుత్వంలో సమాచార ప్రసార మంత్రి అయ్యారు, 1990లో ప్రసార భారతి చట్టాన్ని పార్లమెంటు చేత ఆమోదింపజేశారు. కానీ గెజిట్‌లో నోటిఫికేషన్ వచ్చేదాకా అది కాగితమే. పి.వి.నరసింహారావు గారు ఐదేళ్లు ప్రధానిగా ఉన్నా ఆ నోటిఫికేషన్ రాలేదు. 1995లో సుప్రీంకోర్టు, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఉన్నారు. చివరికి 1997 సెప్టెంబరు 15 నుంచి చట్టాన్ని అమల్లోకి తెచ్చింది, అప్పుడు సమాచార ప్రసార మంత్రిగా ఉన్న జైపాల్‌రెడ్డి. అంటే తెచ్చినవారూ మనవారే, అటకెక్కించినవారూ మనవారే, దించినవారూ మనవారే.

అప్పటి ప్రధాని ఐ.కె.గుజ్రాల్. 1975లో ఎమర్జెన్సీ పెట్టగానే ఇదే శాఖ నుంచి తప్పించిన మంత్రి ఆయనే. అందుకే ఆ ఇద్దరి హయాంలో ఇది కుదిరిందని నా నమ్మకం. తన కింద ఉన్న శాఖ అధికారాన్ని తానే తగ్గించుకునే మంత్రులు మనకు ఎక్కువమంది లేరు. నిఖిల్ చక్రవర్తి వంటి పాత్రికేయుణ్ని అధ్యక్షుడిగా, ఎస్.ఎస్.గిల్‌ను సీఈఓగా పెట్టడం కూడా మొహమాటానికి చేసింది కాదు. 1998లో ప్రభుత్వం మారింది. సీఈఓ వయోపరిమితి నిబంధన మళ్లీ తెరమీదికి వచ్చి గిల్ పదవి పోయింది. కొత్త సంస్థకు అప్పటికి ఏడాది నిండలేదు.

ఇక పక్షపాతం సంగతి. మంత్రి ఫోన్ చేసి ‘ఆ వార్త తీసెయ్యి’ అంటాడని బయటివాళ్లు ఊహించుకుంటారు. నేను పని చేసినన్నాళ్లూ నాతో ఎవరూ ఆ మాట అనలేదు. అనాల్సిన అవసరం లేకుండానే పని జరిగిపోయేది. పది నిమిషాల బులెటిన్. డ్యూటీకి వెళ్లేసరికి బల్ల మీద ఒకపక్క ఢిల్లీ నుంచి వచ్చిన ఇంగ్లీషు కాపీ, ఇంకోపక్క సమాచార శాఖ ప్రెస్ నోట్లు ఉండేవి. ప్రెస్ నోటు శుభ్రమైన తెలుగులో, శంకుస్థాపన ఎక్కడ, ఎన్ని కోట్లు, పక్కన ఎవరెవరు ఉన్నారు అన్న వివరాలతో తయారుగా వచ్చేది. దాన్ని నాలుగు వాక్యాలకు కుదిస్తే చాలు. ప్రతిపక్షం ధర్నా కబురు మాత్రం జిల్లాలోని పార్ట్‌టైమ్ విలేకరి ఫోనులో చెప్పాలి, ఆ లైను కలవాలి, చెప్పింది నిజమేనని ఇంకొకరు అనాలి. ఈలోగా బులెటిన్ టైమైపోయి స్టూడియోలో ఎర్రదీపం వెలిగేది.

ఒక వరద నాకు బాగా గుర్తు. మొదటి వార్త మంత్రిగారి విహంగ వీక్షణం. ఊళ్లు మునిగిన సంగతి అదే వార్తలో మూడో వాక్యం. పడవలు రాలేదు, తిండి అందలేదు అన్న ప్రతిపక్ష నాయకుడి మాట వేరే కాగితం మీద రాసి, టైము మిగిలితే చదవమని పక్కన పెట్టారు. అలాంటి కాగితాన్ని మేము ఫిల్లర్ అనేవాళ్లం. ఆ రోజు టైము మిగల్లేదు. తర్వాత రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. నిన్నటి మంత్రులు ఫిల్లర్లలోకి వచ్చారు, నిన్నటి ఫిల్లర్లు హెడ్‌లైన్లయ్యాయి. బల్ల, కాగితాలు, మేము మాత్రం మారలేదు.

వార్తలు దిద్దే ఎడిటర్ సాధారణంగా భారత సమాచార సర్వీసు అధికారి. ఇవాళ ఇక్కడ వార్తలు చూస్తారు, రేపు బదిలీ మీద పత్రికా సమాచార కార్యాలయానికి వెళ్లి కేంద్ర మంత్రుల ప్రచారం చూస్తారు. ఆ మనిషి ఎంత నిజాయతీపరుడైనా, రేపు ఎవరి దగ్గర పని చేయాలో ఇవాళే తెలిసినవాడు. 1997లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం దీన్ని ముట్టుకోలేదు. జీతాలకు డబ్బు కేంద్రం గ్రాంటుగా ఇవ్వాలి, సిబ్బంది నియమాలకు కేంద్రం ఒప్పుకోవాలి, అవసరమనుకుంటే దేశ భద్రత పేరుతో కేంద్రం ఆదేశాలూ ఇవ్వవచ్చు. కోడలి చేతికి ఇంటి తాళాలిచ్చి, బీరువా తాళం అత్తగారు కొంగున కట్టుకున్నట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. 2004లో జైపాల్‌రెడ్డి మళ్లీ అదే శాఖకు మంత్రిగా వచ్చారు. అప్పుడూ ఆ ముడి విప్పలేదు. ఆయన మీద నాకున్న గౌరవం గౌరవమే, ఈ ఫిర్యాదు ఫిర్యాదే.

‘ఇదంతా ఇప్పటి ప్రభుత్వం చేసిందే’ అని ఆ వర్ధంతి రాత కింద వ్యాఖ్యల్లో ఒకరు, ‘కాంగ్రెస్ నేర్పిన విద్యే’ అని మరొకరు వాదించుకుంటున్నారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యాలున్నాయి. 2014 ఎన్నికల వేళ, యూపీఏ హయాంలో, నరేంద్ర మోదీతో దూరదర్శన్ చేసిన ఇంటర్వ్యూలో కొన్ని భాగాలు కత్తిరించారు. మంత్రిత్వ శాఖకు, వార్తా విభాగానికి ఉన్న పాత లంకె తెగలేదని అప్పటి ప్రసార భారతి సీఈఓ జవహర్ సర్కార్ బోర్డుకు లేఖ రాశారు. అదే ఏడాది అక్టోబరులో, మోదీ ప్రధాని అయ్యాక, ఆరెస్సెస్ అధిపతి విజయదశమి ప్రసంగాన్ని అదే దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం చేసింది. 2017 ఆగస్టు 15న త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ప్రసంగాన్ని మార్చి ఇస్తే తప్ప ప్రసారం చేయలేమని దూరదర్శన్, ఆకాశవాణి అన్నాయి. ఆయన మార్చలేదు, వాళ్లు వేయలేదు. కత్తెర ఎవరి మీద పడిందన్నదే తేడా.

బీబీసీకి ఇంటింటి లైసెన్సు రుసుము ఉంది కాబట్టి సమస్య తీరిందనుకోకండి. అక్కడా ఆ రుసుము ఎంతో తేల్చేది ప్రభుత్వమే, రెండు పక్షాలూ దాన్ని తిడతాయి. అయినా అక్కడ వార్త రాసేవాడు బదిలీ మీద మంత్రిగారి ప్రచారానికి వెళ్లడు.

‘ప్రైవేటు ఛానెళ్లు ఇన్ని ఉండగా దూరదర్శన్ ఎలా పోతే మనకేమిటి’ అన్న వ్యాఖ్యకూ ఒక మాట. తెలుగులో ఏ ఛానెల్ ఏ పార్టీదో రిమోట్ పట్టుకున్న పిల్లవాడికీ తెలుసు. అందుకే ఎవరిదీ కానిది ఒకటైనా ఉండాలి. ఎన్నికలప్పుడు గుర్తింపు పొందిన పార్టీలకు దూరదర్శన్, ఆకాశవాణి ఉచితంగా సమయం ఇస్తాయి, కనీస సమయం అందరికీ సమానం. డబ్బు లేని పార్టీకి దొరికే వేదిక అదొక్కటే. 2024లో అక్కడ మాట్లాడిన సీతారాం ఏచూరి ప్రసంగంలోనూ కొన్ని మాటలు తీయించారు, ప్రభుత్వ ‘దివాలా’ అన్న చోట ‘వైఫల్యం’ అనిపించారు. ఎన్నికల సంఘం మార్గదర్శకాలనే పాటించామని అధికారులు చెప్పుకొన్నారు. ఇంగ్లీషు ప్రసంగానికే ఈ అభ్యంతరాలని, దానికి అనువాదమైన హిందీ ప్రసంగంలో ఏ తప్పూ దొరకలేదని ఏచూరి వెక్కిరించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయనా వెళ్లిపోయారు.

కాబట్టి ఈసారి ఏ పార్టీవాళ్లయినా ప్రసార భారతికి స్వేచ్ఛ ఇస్తామంటే ఒక్కటే అడగండి: వార్తా విభాగానికి భారత సమాచార సర్వీసు నుంచి కాకుండా సొంత ఎడిటర్లను నియమించి, వాళ్లను ఏ మంత్రిత్వ శాఖకూ బదిలీ చేయకుండా చట్టం మారుస్తారా, మార్చరా?